చేతివ్రాతకు కొలత ఏది?

ప్రాథమిక పాఠశాలలో చేతివ్రాతకు మార్కులు ఇవ్వాలా, వద్దా అనే వాదం పాతదే. ఇవ్వాలనేవారు ముత్యాల్లాంటి అక్షరాలను చూపుతారు. వద్దనేవారు చేతిలోని ఫోనును చూపుతారు. మంచి వ్రాత అని దేనిని బట్టి నిర్ణయించాలో మాత్రం ఈ ఇరుపక్షాలవారూ సాధారణంగా అడగరు. కొలత లేకుండా వేసిన మార్కు దిద్దేవారి అభిరుచిని తెలుపుతుంది గాని పిల్లవాని నేర్పును తెలుపదు. ధర్మపురి ప్రాంతపు తెలుగు పిల్లలకు ఈ ప్రశ్న మరీ ముఖ్యమైనది. ఎందుకంటే వారి చేయి ఒకే రోజులో మూడు లిపులు వ్రాస్తుంది.

ధర్మపురికి తగడూరు అని పూర్వనామం. 1965లో ఇది సేలం నుండి విడిపోయి ప్రత్యేక జిల్లా అయింది. తెలుగువారు ఎక్కువగా ఉన్న హోసూరు, డెంకణికోట ప్రాంతాలు 2004లో కృష్ణగిరి జిల్లాలో చేరాయి. అయినా ధర్మపురిలో తెలుగు మాట మిగిలే ఉంది. పాప్పిరెడ్డిపట్టి వంటి ఊరి పేరులోనూ అది వినిపిస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో రెండూ, వాటితోపాటు ఇంగ్లీషు. తెలుగు మాట్లాడే పెద్దలలో చాలామంది తమిళంలోనే చదువుకున్నవారు. వారికి తెలుగు అక్షరాలు రావు. కనుక బిడ్డ తెలుగు నోటు పుస్తకం తెచ్చి చూపితే, అందులో ఏమి వ్రాసి ఉందో తల్లిదండ్రులకు తెలియదు. పుట శుభ్రంగా ఉందా, వరుసలు తిన్నగా ఉన్నాయా అన్నదే కనిపిస్తుంది. శుభ్రంగా ఉంటే చదువు బాగుందని మురిసిపోతారు, లేకపోతే కోప్పడతారు. ఇలాంటి చోట అందానికి ఉండవలసినదానికంటే ఎక్కువ విలువ వచ్చిపడుతుంది. ఉపాధ్యాయుడు సరైన కొలత పెట్టకపోతే తప్పుల తడకైన అందమైన పుట గెలుస్తుంది. ఆలోచించి వ్రాసిన గజిబిజి పుట ఓడిపోతుంది.

మన పాత బడులలో వ్రాతకు కొలత లేకపోలేదు. ఆ సంగతి తెలిపే పత్రాలకు కారకుడైన వ్యక్తికి ధర్మపురితో సంబంధం ఉండడం విశేషం. 1792లో టిప్పు సుల్తాను నుండి బారామహల్ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ వశమైనప్పుడు, అలెగ్జాండర్ రీడ్ కింద పనిచేయడానికి వచ్చిన యువకుడు థామస్ మన్రో ధర్మపురిలో ఉండి భూముల పన్ను వ్యవహారాలు చూశాడు. తరువాత మద్రాసు గవర్నరు అయి, రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరాలు పంపమని 1822లో కలెక్టర్లందరినీ ఆదేశించాడు. దానికి బళ్ళారి కలెక్టరు కాంబెల్ 1823లో పంపిన నివేదిక తెలుగు, కన్నడ బడుల తీరును వివరంగా చెబుతుంది. పిల్లలు మొదట వ్రేలితో ఇసుకలో అక్షరాలు దిద్దేవారు. చేయి తిరిగిన తరువాతనే తాటాకు మీద గంటం, కాగితం మీద కలం. ముందు నేర్చినవాడు వెనుకవానికి నేర్పేవాడు. ఇంత తక్కువ ఖర్చుతో వ్రాత నేర్పే పద్ధతిని కాంబెల్ మెచ్చుకున్నాడు. ఆ బడులలో పిల్లలు అర్థం తెలియకుండా వల్లెవేయడాన్ని మాత్రం తప్పుపట్టాడు.

ఈ ఇసుక వ్రాత సముద్రం కూడా దాటింది. మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర శరణాలయాన్ని నడిపిన ఆండ్రూ బెల్, దేశీయ బడి పిల్లలు ఇసుకలో వ్రాయడం చూసి తన బాలురకు అదే పెట్టాడు. 1797లో ఆ అనుభవాన్ని లండనులో పుస్తకంగా వేశాడు. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పే ఆ విధానం మద్రాసు పద్ధతి అనే పేరుతో ఇంగ్లండులో వ్యాపించింది. తిన్నెబడిని వెనుకబడిన చదువు అని ఈసడించేవారు ఈ మాట ఒకసారి తలచుకోవడం మంచిది.

ఇసుకకు ఒక గుణం ఉంది. తప్పు వ్రాస్తే అరచేతితో సరిచేస్తే చాలు, మచ్చ మిగలదు. పలకకూ అదే గుణం. నోటు పుస్తకానికి అది లేదు. నేడు ఒకటో తరగతిలోనే పిల్లల చేతికి సన్నని గీతల నోటు పుస్తకం ఇచ్చి, కొట్టివేత కనబడకూడదనే నియమం పెట్టే బడులు ఉన్నాయి. దీని ఫలితం ఎలా ఉంటుందో ఏ తరగతిలోనైనా చూడవచ్చు. కొట్టివేతకు భయపడే పిల్లవాడు తెలిసిన చిన్న మాటలతోనే సరిపెట్టుకుంటాడు. ‘సముద్రం’ అని వ్రాయవలసిన చోట ‘నీళ్లు’ అని వ్రాసి ఊరుకుంటాడు. తప్పు దొర్లితే తడి వ్రేలితో రుద్ది పుటకు చిల్లు పెడతాడు, లేదా కాగితమే చించి పారవేస్తాడు. తప్పు మాట మీద ఒకే ఒక అడ్డగీత గీసి, పక్కన సరైన మాట వ్రాయడం తప్పు కాదని, అది చక్కని అలవాటు అని చెప్పాలి. పెద్దలు వ్రాసే దస్తావేజులలోనే కొట్టివేతలు ఉంటాయి కదా!

ఇక లిపి విషయం. తెలుగు అక్షరం గుండ్రనిది. తమిళ అక్షరాలలో చాలావాటికి నిలువు, అడ్డగీతలు ఎక్కువ. తమిళంలో ఎకార, ఏకార గుర్తులు హల్లుకు ఎడమపక్కన వస్తాయి, తెలుగులో ఎత్వం, ఏత్వం తల మీద కూర్చుంటాయి. తమిళంలో ‘అమ్మా’ అని వ్రాసేటప్పుడు పొల్లు మకారమూ దాని తరువాతి మకారమూ ఒకే వరుసలో పక్కపక్కన నిలుస్తాయి. తెలుగులో రెండవది ఒత్తుగా కిందికి దిగుతుంది. ‘రాష్ట్రం’ అనే మాటలో షకారం కింద టకారపు ఒత్తు, దానితోపాటు రకారపు ఒత్తు కూడా ఉండాలి. అంటే తెలుగు వరుసకు పైన గుడికి, కింద ఒత్తుకు చోటు కావాలి. తక్కువ ఎడంతో గీతలు గీసిన పుస్తకంలో పై వరుస ఒత్తు కింది వరుస గుడిని గుద్దుకుంటుంది. ఆ గందరగోళానికి పిల్లవాని మార్కులు తగ్గించడం అన్యాయం. తప్పు గీతలది.

మరొక చిక్కు ఉంది. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. సందర్భాన్ని బట్టి చదువుకుంటారు. 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత తమిళ పాఠం దశలవారీగా ఒకటో తరగతి నుండే అన్ని బడులలోకి వచ్చింది. రెండు లిపులూ ఒకేసారి నేర్చే బిడ్డకు ‘భారతం’లో కింది ఒత్తు అనవసరమైన అలంకారంలా తోచడంలో వింత లేదు. పైగా ఆ ప్రాంతపు మాటలో ఒత్తు పలకడమూ తక్కువే. అది భాషకు సంబంధించిన లోపం, దానిని భాషగానే నేర్పాలి. చేతివ్రాత బాగులేదని ఎర్ర సిరాతో వ్రాసి పంపితే ఆ పిల్లవానికి ఏమి సరిదిద్దుకోవాలో ఎప్పటికీ తెలియదు. (ఆ ఎర్ర సిరా వ్రాతను చదవడమే కష్టమైతే చెప్పవలసినది మరేమీ లేదు.)

నిజంగా చేతివ్రాత కిందికి వచ్చే తప్పులు వేరు. వకారానికి చివర ఒక కొమ్మువంటి వంపు చేర్చితే మకారం అవుతుంది. ఆ వంపు సరిగా రాకపోతే ‘మంట’ ‘వంట’ అవుతుంది. పకారం పైన తెరిచి ఉంటుంది, వకారం మూసి ఉంటుంది. తొందరలో పైభాగం మూసుకుపోతే ‘పగలు’ ‘వగలు’గా మారుతుంది. గుడికి చివర మెలిక పెట్టకపోతే ‘వీధి’ ‘విధి’ అయి కూర్చుంటుంది. నడుమ చుక్క మరచిన ‘పాఠం’ ‘పారం’గా కనబడుతుంది. ‘దొర’కూ ‘దోర’కూ తేడా అక్షరం తల మీద చిన్న మలుపే. ఇటువంటి జంటలను ముందు వేసుకొని పిల్లలచేత ఒకరి వ్రాతను ఒకరికి చదివిస్తే వారికే తేడా తెలుస్తుంది. పిల్లవానిని ఎరుగని మరొకరు, ఆగకుండా, ఊహించకుండా చదవగలగాలి. ప్రాథమిక పాఠశాలకు ఈ ఒక్క కొలత చాలు. మాటకూ మాటకూ మధ్య ఎడం, ఎడమ పక్క అంచు, తేదీ, పాఠం పేరు ఈ కొలతకు తోడ్పడతాయి కనుకనే కావాలి. రంగు గీతలు, పువ్వుల అంచులు పిల్లలు సరదాకు వేసుకుంటే వేసుకోనివ్వాలి. వాటికి మార్కు అక్కరలేదు.

ఈ కొలత పెద్ద పరీక్షల వేళ పనికివస్తుంది. జవాబు పత్రం దిద్దేవారికి బిడ్డ ముఖం తెలియదు. ‘వాడు అలాగే వ్రాస్తాడులే’ అని సర్దుకొని చదివే తరగతి ఉపాధ్యాయుడు అక్కడ ఉండడు.

గాంధీజీ తన ఆత్మకథలో చిన్ననాడు చేతివ్రాతను నిర్లక్ష్యం చేసినందుకు చింతించాడు. దక్షిణాఫ్రికాలో యువకుల అందమైన వ్రాత చూసి సిగ్గుపడి, దిద్దుకోబోతే అప్పటికే ఆలస్యమైందట. చెడ్డ వ్రాత అసంపూర్ణమైన చదువుకు గుర్తు అన్న ఆయన మాటను బడులలో తరచు చెబుతారు. ఆ వెంటనే ఆయన చెప్పినదానిని మాత్రం వదిలివేస్తారు. పిల్లలకు ముందు బొమ్మలు గీయడం నేర్పాలని, పువ్వులను, పక్షులను చూసినట్లే అక్షరాలను చూడనిచ్చి, వ్రాత తరువాత పెట్టాలని ఆయన అభిప్రాయం. చుక్కలు కలిపించి దిద్దించడమే వ్రాత అనుకునేవారికి ఇది మింగుడుపడదు. అయితే 2012లో అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయం వారు ఇంకా చదవడం రాని అయిదేండ్ల పిల్లలతో జరిపిన పరిశోధన ఈ మాటకు దగ్గరగానే వచ్చింది. అక్షరాన్ని తమంతట తాము గీసిన తరువాత దానిని చూసినప్పుడు, మెదడులో చదువుకు సంబంధించిన భాగాలు చురుకుగా పనిచేశాయి. పైన దిద్దినప్పుడూ, మీట నొక్కినప్పుడూ అంతగా పనిచేయలేదు. ఫోను ఉండగా వ్రాత ఎందుకనేవారు ఈ సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొద్దిమంది పిల్లలతో చేసిన పరిశోధన కనుక దీనినే వేదవాక్యం అనడమూ తగదు.

శిక్షగా వంద మార్లు వ్రాయించే అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది. కొట్టడాన్నీ, మనసు నొప్పించే వేధింపునూ 2009 నాటి విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఎడమచేతి వాటం బిడ్డ చేతిని బలవంతంగా మార్చడం అటువంటిదే. వంద మార్లు వ్రాసే బిడ్డ పదో మారుకే అక్షరాన్ని చూడడం మానివేస్తాడు, చేయి మాత్రం కదులుతుంది. చూసి, తేడా గుర్తించి వ్రాసిన అయిదు వరుసలు దానికంటే మేలు.

ఏ బడిలోనైనా ఉపాధ్యాయులందరూ ఒకనాడు కూర్చొని, ఏ తరగతికి ఎంత అని ఒప్పందానికి రావచ్చు. మొదటి రెండు తరగతులలో ఇసుక, పలక, నల్లబల్ల, పెద్ద అక్షరాలు. మూడులో ఎడం ఎక్కువ ఉన్న గీతలు. నాలుగు, అయిదులలో ఒక పేరా వ్రాసి తోటివాడు తడుముకోకుండా చదవగలిగేంత స్పష్టత. తమిళ ఉపాధ్యాయుడు, తెలుగు ఉపాధ్యాయుడు ఒకే బిడ్డకు రెండు వేరు నియమాలు పెట్టకుండా ఉంటే చాలు, సగం పని తీరుతుంది. గీతల పుస్తకానికి ఖర్చు అక్కరలేదు. ప్రభుత్వం ఇచ్చే ఉచిత నోటు పుస్తకంలోనే ఒక గీత విడిచి ఒక గీత మీద వ్రాయమంటే ఒత్తుకు చోటు దొరుకుతుంది.