క్షమించమనే ముందు పేరు తిరిగి ఇవ్వండి



బతుకుతెరువు కోసం తరతరాల క్రితం తెలుగు నేల విడిచి వచ్చిన కుటుంబాలు మనలో ఉన్నాయి. సరిహద్దులు మారినా ఉన్నచోటే ఉండిపోయిన కుటుంబాలూ ఉన్నాయి. బెంగళూరులో, చెన్నైలో, బరంపురంలో, ముంబైలో మనవాళ్లు చాలామంది ఇతరుల షాపుల్లో, ఇళ్లలో, గోదాముల్లో, ఆసుపత్రుల్లో పని చేస్తారు. ఇంకొకరి గల్లాపెట్టె దగ్గర పని చేసేవారికి ఒక భయం ఎప్పుడూ ఉంటుంది. సాయంత్రం లెక్క తగ్గితే మొదటి చూపు ఎవరి మీద పడుతుందో అని.

ప్రార్థన కోసం మా దగ్గరకు వచ్చేవారిలో ఈ దెబ్బ తిన్నవారూ ఉంటారు. దొంగతనం అంటగట్టి, అందరి ముందు బ్యాగు వెతికి, పనిలోంచి తీసేస్తారు. కొన్నాళ్లకు అసలు సంగతి బయటపడుతుంది. బిల్లు రెండుసార్లు కొట్టారనో, సరుకు వేరే బ్రాంచికి వెళ్లిందనో తేలుతుంది. అప్పుడు యాజమాన్యం నుంచి ఫోను వస్తుంది: "ఏదో పొరపాటు జరిగింది, మనసులో పెట్టుకోవద్దు." ఆ తర్వాత వాళ్లు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "అయ్యగారూ, వాళ్లను క్షమించాలా?"

మా జవాబు ముందే చెబుతాం. క్షమించడం విశ్వాసి పని. అయితే ఎప్పుడు, ఎలా అన్నది నింద మోసిన మనిషే తేల్చుకోవాలి. పోయిన పేరు తిరిగి ఇవ్వడం సంస్థ పని. విశ్వాసి తన పని చేసింది కదా అని సంస్థ బాకీ మాఫీ అయిపోదు.

ఇలా ఎందుకంటున్నామో తెలియాలంటే బ్రిటన్ పోస్టాఫీసులో జరిగింది చూడాలి. అక్కడ ఊళ్లలోని పోస్టాఫీసులను చాలావరకు సబ్ పోస్ట్‌మాస్టర్లు అనే చిన్న వ్యాపారులు కాంట్రాక్టు మీద నడుపుతారు. చాలాచోట్ల అది ఒక కిరాణా కొట్టులో ఒక కౌంటరు. 1999 నుంచి ఆ కౌంటర్లలోకి హొరైజన్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. దాన్ని నడిపింది ఫుజిట్సు కంపెనీ. ఆ వ్యవస్థ లేని లోటును ఉన్నట్టు చూపించేది. యాజమాన్యం కంప్యూటర్ను నమ్మింది, మనిషిని నమ్మలేదు. లోటు మీరే కట్టాలంది. సహాయం కోసం ఫోన్ చేసినవారికి, ఇలాంటి ఇబ్బంది మీకొక్కరికే వచ్చిందని చెప్పేవారు. ఎంతోమంది బాధితులు ఈ మాట సాక్ష్యంగా చెప్పారు. 1999, 2015 మధ్య 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కల వంటి కేసుల్లో దోషులయ్యారు. వారిలో ఎక్కువమంది మీద కేసు నడిపింది స్వయంగా పోస్టాఫీసే.

వారిలో ఒకరు సీమా మిశ్రా, భారత సంతతి మహిళ. సర్రేలోని వెస్ట్ బైఫ్లీట్ అనే ఊళ్లో పోస్టాఫీసు నడిపారు. 74,000 పౌండ్లు దొంగిలించారని 2010 నవంబరులో ఆమెకు 15 నెలల జైలుశిక్ష వేశారు. అప్పుడామె గర్భిణి. శిక్ష పడిన రోజు పెద్దకొడుకు పదో పుట్టినరోజు. 2021 ఏప్రిల్ 23న అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను కొట్టేసినప్పుడు గానీ ఆమె మీద మచ్చ పోలేదు.

ఈ న్యాయం యాజమాన్యం మనసు కరిగి వచ్చింది కాదు. వేల్స్‌లో తన పోస్టాఫీసు పోగొట్టుకున్న ఆలన్ బేట్స్ 2009లో బాధితులను కూడగట్టారు. చివరికి 555 మంది కలిసి కోర్టుకెళ్లారు. 2019 డిసెంబరులో ఒప్పందం కుదిరాకే పోస్టాఫీసు క్షమాపణ చెప్పింది. అప్పుడు ఇచ్చిన సొమ్ములో ఎక్కువ భాగం కోర్టు ఖర్చులకే పోయింది. 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి వందల మంది శిక్షలను ఒకేసారి రద్దు చేయాల్సి వచ్చింది. విచారణ జరిపిన సర్ విన్ విలియమ్స్ 2025 జులైలో ఇచ్చిన తొలి నివేదికలో, ఈ నిందల కారణంగా కనీసం 13 మంది తమ ప్రాణాలు తీసుకుని ఉండవచ్చని రాశారు. నింద అంటే వట్టి మాటే కదా అనుకునేవారు ఈ లెక్క గుర్తు పెట్టుకోవాలి.

2012 నుంచి 2019 వరకు ఆ సంస్థకు ముఖ్య అధికారిగా ఉన్న పౌలా వెన్నెల్స్ ఆంగ్లికన్ సంఘంలో అభిషేకం పొందిన యాజకురాలు. 2024లో విచారణ ముందు ఆమె కన్నీళ్లతో క్షమాపణ చెప్పారు. ఆ కన్నీళ్ల లోతు దేవునికి తెలుసు, మేము తీర్పు తీర్చం. కానీ ప్రార్థన చేసే వ్యక్తి పైన కూర్చున్నంత మాత్రాన సంస్థ దానంతటదే మారుమనస్సు పొందదని మాత్రం తెలుస్తోంది. అదే ఏడు సీమా మిశ్రా మరో మాజీ అధికారి క్షమాపణను అంగీకరించలేదు. ఆమెకు శిక్ష పడినప్పుడు తన సిబ్బందిని అభినందించిన అధికారి ఆయన. అప్పుడు కడుపులో ఉన్న బిడ్డకు వాళ్లు క్షమాపణ చెప్పాలని ఆమె అన్నారు. ఆమె మనసు కఠినమని మనం అనగలమా?

ఇప్పుడు వాక్యం దగ్గరకు వద్దాం. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో పౌలు, సీల మీద పడ్డది కూడా వ్యాపారస్థులు వేసిన అబద్ధపు నిందే. సోదె చెప్పే దాసి ద్వారా ఆమె యజమానులకు లాభం వచ్చేది. ఆ లాభం పోయింది. కానీ వాళ్లు న్యాయాధిపతుల దగ్గర తమ డబ్బు సంగతి ఎత్తలేదు. వీళ్లు యూదులు, మన పట్టణాన్ని గలిబిలి చేస్తున్నారు అన్నారు. విచారణ లేకుండానే కొట్టి, చెరసాలలో వేశారు. తెల్లవారాక అధికారులు కబురు పంపారు, వాళ్లను వదిలేయండి, వెళ్లిపొమ్మనండి అని. మనలో చాలామంది "దేవునికి స్తోత్రం" అనుకుని వెళ్లిపోయేవాళ్లం. పౌలు వెళ్లలేదు. అందరి ముందు కొట్టారు, ఇప్పుడు రహస్యంగా పంపేస్తారా, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకువెళ్లాలి అన్నాడు. అధికారులు వచ్చి బతిమాలుకున్నారు.

అదే అధ్యాయంలో చెరసాల నాయకుడు ఉన్నాడు. పౌలు కాళ్లకు బొండ వేసింది అతనే. ఆ రాత్రే అతడు వాళ్ల గాయాలు కడిగాడు. పౌలు అతని ఇంట్లో భోజనం చేశాడు. అంటే తప్పు తెలుసుకుని ముందుకు వచ్చిన మనిషికి ఆ రాత్రే క్షమాపణ దొరికింది. నింద మోపిన వ్యవస్థ మాత్రం అందరి ఎదుట దిద్దుకోవాల్సి వచ్చింది. ఈ రెండూ ఒకే మనిషి, ఒకే రోజు చేశాడు. కనుక క్షమాపణకూ న్యాయం అడగడానికీ పొత్తు కుదరదని ఎవరన్నా అంటే నమ్మకండి.

బ్యాగు వెతికిన సెక్యూరిటీ గార్డు పది వేల జీతానికి పని చేసే పేదవాడే కావచ్చు. తల దించుకుని వచ్చి "తప్పయిపోయిందక్కా" అంటే అతన్ని క్షమించడానికి ఆలస్యం వద్దు. కానీ కంపెనీకి మనిషికున్నట్టు మనసు ఉండదు. దానికి ఉన్నవి లెటర్‌హెడ్డు, నోటీసు బోర్డు, జీతాల ఖాతా, సిబ్బంది వాట్సాప్ గ్రూపు. దాని పశ్చాత్తాపం వాటి మీదే కనబడాలి.

"ఏడు మార్లు కాదు, డెబ్బై ఏళ్ల మార్లు క్షమించమన్నాడు కదా ప్రభువు" అని కొందరు సంఘ పెద్దలు అంటారు. నిజమే. అది మత్తయి 18వ అధ్యాయం. కానీ ఆ మాటకు ముందే అదే అధ్యాయంలో ప్రభువు ఒక వరుస చెప్పాడు: తప్పు చేసినవాడి దగ్గరకు వెళ్లి తప్పు తెలియజేయి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకువెళ్లు, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. మొదటి మెట్లు దాటేసి చివరి మాట ఒక్కటే బాధితురాలి నెత్తిన పెట్టడం వాక్యం బోధించడం కాదు. అన్యుల ముందు వ్యాజ్యెం వద్దని పౌలు కొరింథీయులకు రాసింది సంఘంలోని సహోదరుల మధ్య తగువుల గురించి. తన మీద అబద్ధపు ఫిర్యాదు వచ్చినప్పుడు ఆయనే కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు.

తిరిగి ఇవ్వడం ఎలా ఉంటుందో జక్కయ్య చూపించాడు. లూకా 19:8లో అతడు వాడిన గ్రీకు మాటకు అబద్ధపు నింద మోపి డబ్బు గుంజడం అనే అర్థం ఉంది. కొత్త నిబంధనలో ఆ మాట రెండేచోట్ల కనబడుతుంది. రెండోది లూకా 3:14, బాప్తిస్మమిచ్చు యోహాను సైనికులకు చెప్పిన మాట. మన తెలుగు బైబిల్లో అక్కడ "అపనింద" అని ఉంటుంది, జక్కయ్య దగ్గర "అన్యాయముగా" అని ఉంటుంది. కనుక జక్కయ్య తన సంపాదనలో నిందల డబ్బు ఉందేమోనని అందరి ముందూ నిలబడి చెప్పినట్టే. లేవీయకాండము 6వ అధ్యాయం అసలుకు అయిదోవంతు కలిపి ఇవ్వమంటుంది. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. రక్షణ ఆ ఇంటికి వచ్చిందని ప్రభువు అన్నది ఆ మాట తర్వాతే.

దీన్నిబట్టి క్షమాపణ అడిగే సంస్థను నాలుగు అడగాలని మా అభిప్రాయం. మొదటిది, నింద ఎక్కడ వేశారో అక్కడే, ఎవరి ముందు వేశారో వాళ్ల ముందే, తప్పు మాదేనని రాతపూర్వకంగా చెప్పాలి. రెండోది, కోసుకున్న జీతం, పని లేని రోజుల జీతం ఇవ్వాలి. మూడోది, పోలీసు ఫిర్యాదు ఉంటే అది తప్పని రాసివ్వాలి, మచ్చ లేని అనుభవ ధ్రువపత్రం ఇవ్వాలి. నాలుగోది, రేపు ఇంకొకరికి ఇలా జరగకుండా పద్ధతి మార్చాలి.

ఇది అత్యాశ కాదు. 2018 ఏప్రిల్‌లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో స్టార్‌బక్స్ కాఫీ షాపులో ఒక మీటింగు కోసం ఎదురుచూస్తున్న ఇద్దరు నల్లజాతి యువకులను, ఏమీ కొనలేదని, వెళ్లిపోవడం లేదని పోలీసులకు పట్టించారు. దేశమంతా మండిపడింది. కంపెనీ ముఖ్య అధికారి స్వయంగా వచ్చి వాళ్లను కలిసి క్షమాపణ చెప్పారు. మే 29న దేశవ్యాప్తంగా 8,000కు పైగా షాపులు మధ్యాహ్నం నుంచి మూసి సిబ్బందికి జాతి వివక్ష మీద శిక్షణ ఇచ్చారు. ఆ యువకులు కంపెనీతో ఒప్పందానికి వచ్చారు. నగర పాలన నుంచి తమకు ఒక్కొక్క డాలరు మాత్రమే తీసుకుని, యువ వ్యాపారవేత్తల కోసం 2,00,000 డాలర్ల కార్యక్రమం పెట్టించారు. ఒక మధ్యాహ్నం శిక్షణతో జాతి వివక్ష పోదు. కానీ అడిగేవాళ్లు గట్టిగా అడిగితే పెద్ద కంపెనీ కూడా వారాల్లోనే కదులుతుందని రుజువైంది.

ఆ ఇద్దరి మీదే అనుమానం ఎందుకు పడింది? మన దగ్గరా అనుమానం అందరి మీదా సమానంగా పడదు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ తెగల చట్టం తెచ్చింది. తర్వాత అది మద్రాసు రాజధానికీ వచ్చింది. ఎరుకలవారి వంటి తెగలకు పుట్టుకతోనే దొంగలనే ముద్ర వేశారు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురంలో వారిని ఉంచిన సెటిల్‌మెంటును నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయినా చూపు పోలేదు. దళితుడు, సంచార జాతివాడు, పరాయి రాష్ట్రపు యాస ఉన్నవాడు గల్లాపెట్టె దగ్గర ముందుగా దొరికిపోతాడు. అందుకే ఒక మనిషి పేరు తిరిగి తేవడమంటే ఒక వాడ పేరు తిరిగి తేవడం.

యువతకు కొన్ని మాటలు. తొందరపెట్టి సంతకం అడిగితే పెట్టకండి. కన్నడంలోనో, మరాఠీలోనో, ఇంగ్లీషులోనో రాసిన కాగితం మీ అమ్మకు అర్థం కాకపోతే చదివి చెప్పేవరకు ఆపండి. "ఇకమీదట ఏమీ అడగను" అన్న వాక్యం అందులో ఉందేమో చూడండి. నష్టం పేరుతో జీతం కోసేముందు కార్మికుడి వాదన వినాలని 1936 నాటి వేతన చెల్లింపు చట్టమే చెప్పింది. పరువు తీసే నింద భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద నేరం. స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది, 15100కు ఫోన్ చేయవచ్చు. ఒంటరిగా మేనేజరు గదిలోకి పంపకండి, తోడు వెళ్లండి.

యాజమాన్యం ఏదీ ఇవ్వకపోతే? అప్పుడు కూడా పగను గుండెలో మోయనవసరం లేదు. దాన్ని దేవుని చేతిలో పెట్టవచ్చు. పగ వదిలినంత మాత్రాన మళ్లీ ఆ షాపులో పనికి వెళ్లాలని గానీ, అంతా బాగుందని సాక్ష్యం చెప్పాలని గానీ కాదు. ఇంకా మనసు రాకపోతే ఆమెను విశ్వాసం తక్కువైందని అనకండి. ఆమె తరఫున క్షమించేశామని యాజమాన్యానికి మాట ఇచ్చే అధికారం పాస్టరుకు లేదు, పెద్దలకు లేదు, భర్తకు కూడా లేదు.

చివరగా, మన సంఘాల్లోనూ షాపులు, స్కూళ్లు, ఆసుపత్రులు నడిపేవారున్నారు. మీ దగ్గర పని చేసి, మాట పడి వెళ్లిపోయిన ఆయా, డ్రైవరు, నర్సు ఎవరైనా ఉన్నారేమో పాత లెక్కలు తీసి చూడండి. ఉంటే, బల్లారాధనకు ముందే వాళ్ల ఇంటికి వెళ్లండి. అర్పణ బలిపీఠం దగ్గర పెట్టి ముందు వెళ్లి సమాధానపడమన్నది ప్రభువే కదా. వెళ్లేటప్పుడు స్వీటు డబ్బా కాదు, తప్పు మాదేనని రాసిన కాగితం, రావలసిన జీతం తీసుకువెళ్లండి.

న్యాయమును ప్రేమించే దేవుడు మనకు తోడైయుండును గాక.