ఆస్పత్రి గడప దాటాక ఖర్చు ఎవరిది?

డెబ్బై ఏళ్లు నిండిన వారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ పథకాన్ని వర్తింపజేస్తూ కేంద్రం 2024 అక్టోబరు 29న కొత్త కార్డులను ప్రారంభించింది. కుటుంబానికి ఏటా రూ.5 లక్షల వరకు ఆస్పత్రి చికిత్స ఉచితం. దాదాపు 6 కోట్ల మంది వృద్ధులకు వర్తించే ఈ నిర్ణయం చిన్నదేమీ కాదు. అయితే ఆ పథకానికి ఒక సరిహద్దు ఉంది. ఆస్పత్రిలో చేరడానికి ముందు 3 రోజులు, డిశ్చార్జి అయ్యాక 15 రోజులు అయ్యే మందులు, పరీక్షల ఖర్చు మాత్రమే అందులోకి వస్తుంది. పదహారో రోజు నుంచి లెక్క మారిపోతుంది.

స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగిన 78 ఏళ్ల మహిళ సంగతే తీసుకుందాం. శస్త్రచికిత్సకు కార్డు అక్కరకు వస్తుంది. కానీ ఆమె తనంత తాను లేచి నడవడానికి నెలలు పడుతుంది. అంతవరకు పడక పుండ్లు పడకుండా పక్కకు తిప్పాలి, స్నానం చేయించాలి, మలమూత్రాలు చూడాలి, ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించాలి. గాలి పరుపు, చేతికర్ర, డైపర్లు కొనాలి. వీటిలో ఏదీ ‘చికిత్స’ కింద రాదు గనుక వీటికి బిల్లు కట్టే పథకమూ లేదు. పక్షవాతం, మతిమరుపు వ్యాధి వచ్చిన వారి విషయంలో ఇది నెలలతో తీరదు, ఏళ్లు సాగుతుంది.

ఇంటి దగ్గర ఉండి చూసుకునే సహాయకురాలికి నగరాల్లోని ఏజెన్సీలు నెలకు రూ.25 వేలు, ఆపైన అడగడం ఇప్పుడు మామూలే. శిక్షణ పొందిన నర్సు కావాలంటే ఇంకా ఎక్కువ. నెలకు రూ.25 వేలు అంటే ఏడాదికి రూ.3 లక్షలు, ఐదేళ్లకు రూ.15 లక్షలు. దీన్ని దేశంలోని పెద్దల రాబడి పక్కన పెట్టి చూడాలి. పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో గరిష్ఠ పరిమితి అయిన రూ.30 లక్షలను 8.2 శాతం వడ్డీకి దాచుకున్నవారికి నెల సగటున వచ్చేది రూ.20,500. అంటే ఉద్యోగ జీవితమంతా పొదుపు చేసి ఆ పరిమితిని అందుకున్న కొద్దిమందికి సైతం వడ్డీ మొత్తం ఒక సహాయకురాలి జీతానికి చాలదు. ఇక ప్రైవేటు ఉద్యోగుల ఈపీఎస్ కనీస పింఛను 2014 నుంచి రూ.1,000 దగ్గరే ఉంది. జాతీయ వృద్ధాప్య పింఛనులో కేంద్రం వాటా 60-79 ఏళ్ల వారికి రూ.200, 80 దాటితే రూ.500. ఈ మొత్తంతో నెలకు సరిపడా డైపర్లు కూడా రావు.

అవసరం ఎంతమందిది? కేంద్ర ఆరోగ్య శాఖ తరఫున 2017-18లో జరిగిన లాసీ సర్వే ప్రకారం 60 ఏళ్లు దాటిన వారిలో దాదాపు నాలుగో వంతు మందికి తినడం, స్నానం, దుస్తులు వేసుకోవడం, మంచం దిగడం వంటి రోజువారీ పనుల్లో కనీసం ఒకటి కష్టమవుతోంది. డిమెన్షియా బాధితులే 88 లక్షల మంది ఉంటారన్నది పరిశోధకుల అంచనా. వీరందరికీ రాత్రింబవళ్లు మనిషి తోడుండాల్సిన పని లేకపోవచ్చు. రోజుకు రెండు గంటల సాయం చాలినవారే ఎక్కువ. దేశంలో దొరకనిదల్లా ఆ రెండు గంటల సాయమే. దొరికితే పూర్తికాలపు మనిషి దొరుకుతుంది, లేకపోతే కోడలో కూతురో ఉంటుంది.

లెక్కకు రాని ఖర్చు అంతా ఆ కోడలు, కూతురు, భార్య దగ్గరే పోగవుతోంది. 2024 కాల వినియోగ సర్వేలో 15-59 ఏళ్ల మహిళల్లో 41 శాతం మంది ఇంట్లోని పిల్లలు, పెద్దల సంరక్షణలో రోజుకు సగటున 140 నిమిషాలు గడుపుతున్నట్లు తేలింది. పురుషుల్లో ఆ పని చేసేవారు 21.4 శాతం, వారు వెచ్చించే సమయం 74 నిమిషాలు. అత్తగారి పక్కన ఉండటానికి ఉద్యోగం వదులుకున్న మహిళ కోల్పోయిన జీతం, ఆగిపోయిన భవిష్యనిధి ఏ ఆరోగ్య వ్యయ పట్టికలోనూ కనిపించవు. ఇంటి సంరక్షణ చౌక అనే అభిప్రాయం నిలబడి ఉన్నదే ఈ జీతం లేని శ్రమ మీద. పిల్లలు హైదరాబాద్, బెంగళూరు, అమెరికాలకు చేరిన కోస్తా, తెలంగాణ పల్లెల్లో ఆ శ్రమ కూడా అందుబాటులో లేదు. డబ్బు ఫోనులో వచ్చేస్తుంది. పట్టుకుని లేపే చెయ్యి మాత్రం రాదు.

చట్టం ఈ సమస్యను ఇంకా తల్లిదండ్రులకు, బిడ్డలకు నడుమ తగవుగానే చూస్తోంది. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కింద ట్రైబ్యునల్ ఇప్పించగల భరణానికి నెలకు రూ.10 వేల పరిమితి ఉంది. దాన్ని తొలగించి, ఇంటి వద్ద సంరక్షణ సేవలు అందించే సంస్థలను నియంత్రణలోకి తెచ్చే సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభ ముందుకు వచ్చింది. పదిహేడో లోక్‌సభ కాలం ముగియడంతో అది మురిగిపోయింది.

పన్ను రాయితీల వల్ల పెద్దగా ఒరిగేదీ లేదు. బీమా లేని వృద్ధుల వైద్య ఖర్చుకు రూ.50 వేల మినహాయింపు పాత పన్ను విధానంలో ఉంది, కొత్త విధానాన్ని ఎంచుకున్నవారికి లేదు. పైగా సహాయకురాలి జీతాన్ని వైద్య ఖర్చుగా చూపడమే చిక్కు. ఆరోగ్య బీమా కొనడానికి ఉన్న 65 ఏళ్ల వయోపరిమితిని 2024లో నియంత్రణ సంస్థ ఎత్తివేసింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల ప్రీమియంపై జీఎస్టీ కూడా పోయింది. మంచివే, కానీ ఆ పాలసీలు ప్రధానంగా కాపాడేది ఆస్పత్రి పడకనే. ఇల్లు ఉండి చేతిలో డబ్బు లేని పెద్దల కోసం 2007లో రివర్స్ మార్టిగేజ్ రుణాలు వచ్చినా జనం వాటి జోలికి పెద్దగా పోలేదు. పిల్లలకు చెందాల్సిన ఇంటిని బ్యాంకుకు రాసిస్తున్నామన్న బెరుకు అందుకు ఒక కారణం.

ఈ చీకట్లో రెండు రాష్ట్రాల అనుభవాలు చూడదగినవి. ఆంధ్రప్రదేశ్ 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛనును రూ.4 వేలకు, పక్షవాతం వంటి కారణాలతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైన వారి పింఛనును రూ.15 వేలకు పెంచింది. మనిషికి కావలసిన సంరక్షణ ఎంతో చూసి సొమ్ము నిర్ణయించడం ఇందులోని కీలకాంశం. అయితే వయసు మీదపడి మెల్లగా శక్తులుడిగిన వృద్ధురాలు ఈ రెండు మొత్తాల మధ్య ఎక్కడో పడిపోతుంది. కేరళ మరో దారి పట్టింది. 2008లో ఉపశమన సంరక్షణ విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సులను మంచం పట్టిన వారి ఇళ్లకే పంపుతోంది. గాయాలకు కట్టు కట్టడం, క్యాథెటర్ మార్చడం, ఇంటివారికి పని నేర్పడం ఆ నర్సుల బాధ్యత. రాత్రి కాపలా కాసేది మాత్రం ఇంటి మనిషే. అలాంటి వారికి ‘ఆశ్వాసకిరణం’ కింద కేరళ నిర్ణయించిన నెల సాయం రూ.600.

జపాన్ 2000లో నలభై ఏళ్లు దాటినవారి నుంచి చందా వసూలు చేస్తూ సంరక్షణ బీమా తెచ్చింది. వాడుకునేవారు ఖర్చులో పదో వంతు, సంపన్నులైతే మూడో వంతుకు కాస్త తక్కువ భరిస్తారు. జర్మనీ 1995 నుంచే ఇంటివారు చూసుకుంటే నగదు ఇస్తూ, వారి పింఛను ఖాతాకూ జమ చేస్తోంది. పనివారిలో అత్యధికులకు జీతం చీటీయే లేని భారత్‌లో చందా పద్ధతి ఇప్పట్లో కుదరదు. పన్నుల సొమ్ముతోనే మొదలుపెట్టాలి. ఆయుష్మాన్ కార్డులోని 15 రోజులను 90 రోజులకు పెంచి, అందులో ఫిజియోథెరపీని, రోజుకు రెండు గంటల ఇంటి సాయాన్ని చేర్చడం ఆచరణకు అందని పని కాదు. మళ్లీ మళ్లీ ఆస్పత్రిలో చేరే బాధ తగ్గితే ఆ ఖర్చులో కొంత తిరిగి వస్తుంది కూడా.

అప్పుడు తేల్చాల్సిన మరో లెక్క సహాయకురాలిది. కుటుంబం ఏజెన్సీకి కట్టే రూ.25 వేలలో ఆమె చేతికి ఎంత వస్తుందో చెప్పాలన్న నిబంధన లేదు. వారానికో సెలవు, పీఎఫ్, శిక్షణ ధ్రువపత్రం ఇవేవీ తప్పనిసరి కావు. ఇళ్లలో పనిచేసేవారికి ప్రత్యేక చట్టం అవసరమా అన్నది పరిశీలించేందుకు కమిటీ వేయాలని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. ప్రభుత్వ సొమ్ము ఈ రంగంలోకి వచ్చే రోజున జీతం, పనిగంటలు, నైపుణ్యాలకు షరతులు పెట్టగలిగేది కూడా ప్రభుత్వమే.