అద్దము మనది, అచ్చు ఎవరిది?

అభిరుచి మారుట లోకసహజము. తాతలు మెచ్చినదానినే మనుమలును మెచ్చవలెనను నియమ మే శాస్త్రమునను లేదు. కాని వచ్చిన మార్పు మనలోనుండి పుట్టినదా, లేక ఎవరో కూర్చిన నమూనాల పుస్తకమునుండి మన గుమ్మములోనికి దిగినదా యను ప్రశ్నను మాత్రము ప్రతితరమువారును వేసికొనవలసియే యున్నది. 2022వ సంవత్సరమున ఏలూరు జిల్లాలో చేరిన మన నూజివీటి సీమలో ఈ ప్రశ్నను నేడు గాజుపలకలు వేయుచున్నవి.

నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, తిరువూరు మార్గములలో నడచు వారెవరైనను ఈ మార్పును చూడవచ్చును. జమీందారీల కాలమునాటి మేడలలోను, వారిని చూచి కట్టుకొనిన వర్తకుల, ఉద్యోగుల పెంకుటిండ్లలోను, టేకు ద్వారబంధములపైన అర్ధచంద్రాకారముగా అమర్చిన చిన్న అద్దపుముక్కలు కొన్నిచోట్ల నింకను కానవచ్చును. ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ. ప్రాతఃకాలపు టెండ వానిగుండ వచ్చి నట్టింటి నేలపై రంగులముగ్గు వేయును. ఆ యిండ్లు ఒకటొకటిగా కూలుచున్నవి. వాని స్థానమున లేచు కట్టడములకు తలుపుల నిండను, ముఖద్వారముల నిండను నిలువెత్తు గాజుపలకలు వచ్చుచున్నవి. కొన్నింటిపై ఇసుకను వేగముగా చిమ్మి గరుకు చేసిన చిత్రములు; కొన్నింటిపై ఆమ్లముతో తొలిచినవి; మరికొన్నింటిపై కంప్యూటరు యంత్రము ముద్రించిన రంగులు. చిత్రములేవి? తీగకు ప్రాకిన గులాబీలు, మెడలు పెనవేసికొనిన తెల్లహంసలు, వెదురుపొదలు, ఏ దేశపుదో తెలియని జలపాతము. తోటపంట అమ్మిన సొమ్ముతో కట్టిన యింటి వాకిట మామిడాకు ఒక్కటి లేదు. పండుగనాడు గుమ్మమునకు కట్టు తోరణమే దిక్కు!

"అద్దమే పరదేశపు వస్తువు గదా! దానిపై పరదేశపు పువ్వు ఉన్న దోషమేమి?" అని యడుగువారు కలరు. ప్రశ్న సమంజసమే, సమాధానమును చరిత్రలో వెదకవలెను.

ముందుగా భాషనే అడుగుదము. తెలుగువాడు ఆ పదార్థమును "గాజు" అనెను. స్త్రీ చేతినున్న ఆభరణమును "గాజు" అనియే పిలిచెను. పదార్థమునకును ఆభరణమునకును ఒకే పేరుండుటచేత, మనకు గాజనగా మొదట జ్ఞప్తికి వచ్చునది కిటికీ కాదు, ముత్తైదువ ముంజేయి. ఇటీవలి సంవత్సరములలో విజయవాడ ఇంద్రకీలాద్రిపై కార్తీకమాసమున కనకదుర్గమ్మవారిని లక్షలాది గాజులతో అలంకరించు వేడుక జరుగుచున్నది. భక్తులు తెచ్చి సమర్పించు ఆ గాజులరాశిని చూచిన వారికి, ఈ పదార్థము మన బ్రతుకులో నెంతలోతునకు దిగినదో వేరుగ చెప్పనక్కరలేదు.

భాషతో ఆగనేల? శ్రీకాళహస్తికి సమీపమున పాపానాయుడుపేట యను గ్రామము కలదు. అక్కడి పనివారు కరిగిన గాజును ఇనుపగొట్టపు చివర ముద్దగా చుట్టి, నడుమ రంధ్రము నిలుచునట్లు చేసి, కొలిమినుండి సన్నని గొట్టముగా చేతితో లాగుదురు. ఆ గొట్టమును చిన్న చిన్న తునకలుగా నరికి, బూడిదలో కలిపి మరల వేడిచేసి, అంచుల వాడి పోగొట్టి పూసలు చేయుదురు. ఈ పద్ధతి రెండువేల సంవత్సరముల నాటిది. పుదుచ్చేరి సమీపమున అరికమేడులో దొరకిన పూసలు ఈ విధముగా లాగి చేసినవే. ఇట్టి పూసలు తూర్పు ఆఫ్రికా తీరమునుండి కొరియా, జపానుల వరకు త్రవ్వకములలో బయల్పడినవి. పీటర్ ఫ్రాన్సిస్ అను అమెరికా పండితుడు వీనికి "ఇండో పసిఫిక్ పూసలు" అని పేరిడి, ఆ ప్రాచీన విధానము పాపానాయుడుపేటలో సజీవముగా నిలిచియుండుటను గత శతాబ్దపు చివరి దశాబ్దములలో లోకమునకు వెల్లడించెను. దేశదేశముల కంఠసీమల నలంకరించిన విద్య మన పల్లెలో నుండగా, దానిని మనకు మరియొక దేశపు పండితుడు చూపవలసివచ్చినది. ఇది సంతోషింపదగినదో, సిగ్గుపడదగినదో పాఠకులే నిర్ణయింతురు గాక!

పరాయి విద్యను తెచ్చుకొనుట తప్పు కాదనుటకు తంజావూరు చిత్రములే సాక్ష్యము. అద్దము వెనుకవైపున చిత్రించు పద్ధతి పదునెనిమిదవ శతాబ్దమున చీనా వర్తకము వెంట మన దేశమునకు వచ్చినది. అందు చిత్రకారుడు సమస్తమును తలక్రిందుగా తలపోయవలెను: కాగితముపై చివర వేయు నగలు, కనుబొమలు ఇక్కడ మొదట వేయవలెను, వెనుకతెర రంగు కడపట పూయవలెను. అట్టి క్లిష్టమైన విద్యను దక్షిణదేశపు చిత్రకారులు నేర్చి, దానిలో నవనీతకృష్ణుని, శ్రీరామ పట్టాభిషేకమును వ్రాసిరి. విద్య చీనాది, దేవుడు మనవాడు. పిమ్మట 1894లో రాజా రవివర్మ బొంబాయిలో ముద్రణాలయము స్థాపించి రంగుల పటములను వేలకొలది అచ్చువేయగా, ఆ చౌకపటముల ధాటికి అద్దపు చిత్రకారుల పని సన్నగిల్లినది. అభిరుచి ఆనాడును మారినది. ఐనను పటములోని దేవత మనకు పరాయిది కాలేదు. నేటి మార్పునకును నాటి మార్పునకును గల భేద మిదియే.

ఇంక గాజుల కథ వినదగినది. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము మన స్త్రీలు తొడిగిన గాజులలో పెక్కు ఆస్ట్రియా సామ్రాజ్యములోని బొహీమియా కొలుములనుండి వచ్చెడివి. మన ముంజేతుల కొలత, మన పెండ్లిండ్లకు కావలసిన పచ్చదనము, మన పండుగలకు కావలసిన ఎరుపు తెలిసికొని ఆ దేశపు పనివారు గాజులు చేసి పంపిరి. యుద్ధమువలన ఆ దారి మూతపడగా జపాను వర్తకులు ఆ స్థానమున ప్రవేశించిరి. ఇంతలో స్వదేశీయులును ఊరకుండలేదు. మనిషికొక పైసా చొప్పున వసూలుచేసిన నిధితో మహారాష్ట్రమున తళేగామునందు 1908లో పైసాఫండు గాజు కర్మాగారమును స్థాపించిరి. తిలకు మహాశయుని ప్రోత్సాహము దానికి లభించెను. 1916లో ఓగలేవాడిలో వెలసిన కర్మాగారమునుండి వచ్చిన ప్రభాకర్ లాంతరులు దేశమందు పేరొందెను. ఉత్తరదేశమున ఫిరోజాబాదు కొలుములు వృద్ధిపొంది, నేడు మన అంగడులలోని గాజులలో అధికభాగమును ఆ పట్టణమే పంపుచున్నది.

ఈ కథలో గమనింపవలసిన నీతి యొకటి కలదు. బొహీమియా వాడు తన దేశపు అభిరుచిని మన చేతికి తొడుగలేదు. మన అభిరుచిని కనిపెట్టి, దానికి లొంగి, మన సొమ్ము గొనిపోయెను. అనగా ఆనాడు వస్తువు పరాయిదైనను ఆజ్ఞ మన ఇల్లాలిది. నేడు తద్విరుద్ధముగా ఉన్నది. గాజుపలక మన దేశముననే కరగుచున్నది. దానిని కోయువాడు మన ఊరివాడు. దానిపై చెక్కువాడు మన వీధివాడు. చిత్రము మాత్రము పరాయిది. పలక మనదై, అచ్చు మనది కాకపోయినది. మున్ను మనము వస్తువునకు దాసులము. ఇపుడు ఊహకు దాసులమగుచున్నాము. వస్తువు విషయమున దాస్యమును బహిష్కరణముతో వదలించుకొనవచ్చును. ఊహ విషయమున దాస్యమును బహిష్కరణము వదలింపజాలదు. మరియొక ఊహను సృజించిననే అది వదలును.

మరియొక ఊహకై దూరము పోనక్కరలేదు. మన చీరల అంచులందును, పెడన అద్దకపు పనివారి కొయ్య అచ్చులందును మామిడిపిందె కలదు. ఆ వంపుటాకృతికి మూలము పారసీక దేశమని పండితులందురు. అది కాశ్మీరపు శాలువలపై వికసించెను. పందొమ్మిదవ శతాబ్దమున స్కాట్లండులోని పెయిస్లీ పట్టణపు నేతగాండ్రు ఆ శాలువలకు నకళ్లు నేసి అమ్మగా, ఇంగ్లీషు లోకము ఆ రూపమునకు "పెయిస్లీ" యని తన ఊరి పేరే పెట్టుకొన్నది. తెలుగుదేశపు నేతగాడు ఆ వంపును చూచి "ఇది మా తోటలోని పిందె" అనెను. పేరు పెట్టుటయే స్వాధీనము చేసికొనుట. అట్టి పిందె చీరకొంగుపై నిలిచి, పిందె పుట్టిన సీమలోని గాజుతలుపుపై నిలువకపోవుట యెంత వింత! చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరు. ఒక్కొక్క కాయకు ఒక్కొక్క వంపు, ఒక్కొక్క ముక్కు. పూతకొమ్మ, లేజివురు, గుత్తిగా వ్రేలు పిందెలు. చిత్రకారునకు ఇంతకుమించిన సామగ్రి యేమి కావలెను?

ఇది నూతనముగా తోచిన ఆలోచన కాదు. మన పొరుగుననే బందరులో 1910లో కోపల్లె హనుమంతరావుగారు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. అచ్చట ప్రమోదకుమార చట్టోపాధ్యాయులు చిత్రకళ నేర్పిరి. ఆయన శిష్యులైన అడివి బాపిరాజుగారు తరువాత ఆ కళాశాలకు అధ్యక్షులైరి. రాజమహేంద్రవరమున దామెర్ల రామారావుగారు తన స్వల్ప జీవితకాలముననే చిత్రకళాశాలను నెలకొల్పిరి. చేతిపనిని, చదువును, దేశీయమైన రూపకల్పనమును ఒకచోట చేర్చవలెననుట ఆనాటి పెద్దల సంకల్పము. నేడు నూజివీటనే 2008లో వెలసిన ట్రిపుల్ ఐటీలో వేలమంది గ్రామీణ విద్యార్థులు యంత్రవిద్య నభ్యసించుచున్నారు. చెక్కుడు యంత్రమును నడపు కంప్యూటరునకు గులాబియు నొకటే, పిందెయు నొకటే. ఏది గీసి యిచ్చిన దానిని చెక్కును. గీయువాడే కరవు.

"క్రొత్త చిత్రము వ్రాయించుకొనిన ఖర్చు అధికమగును" అనుట రెండవ ఆక్షేపణ. చిత్రమును ఒకమారు వ్రాయించిన పిమ్మట నూరు తలుపులపై చెక్కవచ్చును. చట్టరీత్యా చూచినను భయము లేదు. 2000 సంవత్సరపు డిజైనుల చట్టము క్రొత్తదియు స్వకీయమును అగు రూపకల్పనమునకు మొదట పదియేండ్లు, పొడిగింపుపై మరి యైదేండ్లు రక్షణ నిచ్చును. క్రొత్తదనము లేని రూపమును నమోదు చేయదు. కావున తరతరములుగా వచ్చుచున్న మామిడిపిందె ఎవరి సొత్తును కానేరదు, అందరిసొత్తు. దానినుండి మన యువకుడెవడైనను నూతన రచన చేసెనా, ఆ రచనకు అతడు రక్షణ పొందవచ్చును. బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినపుడు సంతోషించితిమి. 2024లో హైదరాబాదు లక్కగాజులకు వచ్చినపుడును సంతోషించితిమి. గుర్తింపుపత్రము గోడకు వ్రేలాడదీసి, వస్తువును వాడకున్నచో ఆ సంతోషము దేనికి?

మూడవ విషయము ఎండ. వైశాఖ జ్యేష్ఠములలో మన ప్రాంతపు వేడి 45 డిగ్రీలను సమీపించు దినములు కలవు. గాజు వెలుతురును లోనికి విడుచును; లోన కాగిన వేడిమిని సులభముగ వెలికి విడువదు. పాతవారు ద్వారముపైన చిన్న రంగుటద్దములు పెట్టి, ముందు వసారా దింపి, ఎండను వెలుపలనే నిలిపిరి. మనమో, పడమటిముఖమున నిలువెల్ల గాజు బిగించి, పిమ్మట శీతలయంత్రమునకు నెలనెల కప్పము కట్టుచున్నాము. చలిదేశమునకు తగిన రూపమును ఎండదేశమునకు తెచ్చిన ఫలితమిది. ఇందు సౌందర్యము మాట అటుంచి, సౌఖ్యమైనను దక్కలేదు.

సంపద మాటయు చెప్పవలెను. చిల్లకూరు, కోట మండలముల తెల్లని సిలికా ఇసుక గాజు పరిశ్రమకు మేలైన ముడిపదార్థము. అది లారీలకెక్కి పొరుగు రాష్ట్రపు కర్మాగారములకు పోవుచున్నది. పలకయై మరల మన అంగడికి వచ్చుచున్నది. ఇసుక నమ్మి అద్దమును కొనుట, ప్రత్తి నమ్మి బట్టను కొన్న పూర్వకథకు తోబుట్టువు. కొలిమికి కావలసిన సహజవాయువు కృష్ణా గోదావరీ తీరముల క్రిందనే కలదు. తాజమహలు పరిసరములలో బొగ్గు కాల్చరాదని సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 30న తీర్పు చెప్పిన పిమ్మట ఫిరోజాబాదు కొలుములు వాయువునకు మారినవి. అచ్చట న్యాయస్థానము బలవంతమున చేయించినదానిని ఇచ్చట మనము బుద్ధిపూర్వకముగా చేయరాదా? పాపానాయుడుపేటవంటి చోట్ల చిన్న కొలుములకు వాయువును, అంగడిని చూపించుట ప్రభుత్వమునకు అసాధ్యమైన కార్యము కాదు.

చేయదగినవి కొన్ని కలవు. పాతయిల్లు కూల్చువారు ఆ రంగుటద్దముల చట్రమును పాతసామానువానికి తూచి యమ్మక, క్రొత్తయింటి ద్వారముపైననే నిలుపవలెను. గ్రంథాలయములవారు ఊరిలో మిగిలిన ఇట్టి కిటికీలను, తలుపులను చిత్రములు తీయించి, కొలతలతో నొక పుస్తకమున కూర్చవలెను. నమూనాల పుస్తకమునకు నమూనాల పుస్తకమే సమాధానము. కల్యాణమండపములు, దేవాలయములు, పురపాలక సంఘములు గాజుపని చేయించునపుడు పెడన అచ్చుచెక్కువారిచేత చిత్రములు వ్రాయింపవలెను. మన గాజుపనివారికి ఆ చిత్రములను ఉచితముగా పంచవలెను. ఇంటి యజమానులు "ఏముంది మీ వద్ద?" అని యడుగుట మాని, "మాకిది కావలెను" అని చెప్పుట నేర్వవలెను.

ఈ కడపటిదియే ముఖ్యము. సాలార్‌జంగు ప్రదర్శనశాలలో బొహీమియా, వెనీసు, ఫ్రాన్సు గాజుసామగ్రి కన్నులు చెదరునట్లు వెలుగుచున్నది. చౌమహల్లా కొలువుకూటమున 19 బెల్జియము దీపవృక్షములు వ్రేలాడుచున్నవి. వానిని చూచి మెచ్చుకొందము. పరుల ప్రతిభను మెచ్చుటకు సంకోచమెందులకు? కాని అవి నవాబుల ధనముతో కొనబడిన అన్యుల ప్రతిభలు. సామాన్య గృహస్థుడు నేడు గాజును కొనగలిగిన స్థితికి వచ్చెను, ఇది శుభమే. అతడు ఆ నవాబులవలె కేవలము కొనుగోలుదారుడై మిగులునా, లేక తన తోటలోని కొమ్మను తన తలుపుపై పూయించుకొను రసికుడగునా? రానున్న పూత కాలమునాటికైనను మన వీధులలో కొన్ని వాకిండ్లు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పునుగాక!