రేషన్ గోతాం మీద మన కన్ను

మన తెలుగు సంఘాల సమావేశాల్లో ఏ విషయం మీదా పది నిమిషాలు ఏకాభిప్రాయం నిలవదు. తెలుగు బడి మూతపడుతోందంటే తప్పు ప్రభుత్వానిదని ఒకరు, పిల్లల్ని పంపని మనదేనని ఇంకొకరు. ఉగాదికి ఎవర్ని పిలవాలో తేలేలోపు వైశాఖం వచ్చేస్తుంది. కానీ ఒక్క మాట దగ్గర అందరూ ఒకటైపోతారు. కమ్మ, రెడ్డి, బలిజ, బ్రాహ్మణ, పద్మశాలి భేదాలు లేవు. హోసూరా, బరంపురమా, షోలాపూరా అన్న తేడా కూడా లేదు. "ఉచిత బియ్యమిచ్చి జనాన్ని పాడుచేస్తున్నారండీ. వాళ్ళేం తింటున్నారా? అమ్ముకుని తాగేస్తున్నారు." ఈ మాట అనగానే అందరి తలలూ ఒకేసారి ఊగుతాయి.

తల ఊపేముందు లెక్క వేద్దాం.

అమ్ముతున్నారా? అమ్ముతున్నారు. ఇందులో దాచేదేమీ లేదు. నెల మొదటి పక్షంలో తమిళనాడు ఊళ్ళలో ఏ పేట సందులోనైనా కాసేపు నిలబడితే టీవీఎస్ ఎక్సెల్ మీద ఖాళీ గోతాలు వేసుకుని ఒకడు వస్తాడు. గట్టిగా కేకేయడు. గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, బియ్యముందా?" అంటాడు. "పది కిలోలుంది, ఎంతిస్తావు తమ్ముడూ?" "పదిస్తానక్కా." "పోయిన నెల పన్నెండిచ్చినావే!" చివరికి పదకొండుకు తెగుతుంది. కాటా వాడిదే, తూకం వాడిదే. పది కిలోల బియ్యానికి ఆమె చేతికి వచ్చేది నూటపది రూపాయలు.

ఇప్పుడు తాగుడు లెక్క. తమిళనాడులో సారాయి దుకాణాలన్నీ 2003 నుంచీ ప్రభుత్వ సంస్థ టాస్మాక్‌వే. 2024లో ధర పెంచాక అక్కడ అన్నిటికంటే చౌక క్వార్టరు సీసా 140 రూపాయలు. అంటే ఆ అక్క పది కిలోలమ్మిన డబ్బు మొత్తం మొగుడి చేతిలో పెట్టినా అతనికి ఒక్క క్వార్టరు రాదు. ఇంకో ముప్ఫై అప్పు చేయాలి. నలుగురున్న ఇంటికొచ్చే ఇరవై కిలోలూ అమ్మేసినా నెలకు ఒక సీసా, కాస్త మిక్చరు. రోజూ తాగేవాడు బియ్యం డబ్బుతో తాగడం లేదు, కూలి డబ్బుతో తాగుతున్నాడు. ఆ కూలి మనమిచ్చిందే. కూలి ఇచ్చేటప్పుడు "దీంతో తాగకు" అని మనం షరతు పెట్టం. బియ్యం దగ్గర మాత్రం నీతి గుర్తొస్తుంది.

మరి ఆ నూటపది ఏమవుతుంది? దానికి జవాబు బియ్యంలోనే ఉంది.

హోసూరు, కృష్ణగిరి, అటు కోలారు, బాగేపల్లి వైపు మన తెలుగువాళ్ళు తరతరాలుగా తిన్నది సంగటి. అన్నం పండగనాటిది, చుట్టాలొచ్చిననాటిది. పొలం పనికి పోయేవాడికి తెల్లన్నం పెడితే పదకొండింటికే ఆకలేస్తుందంటాడు. షోలాపూరు మగ్గాల పేటల్లో, బీడీలు చుట్టే ఆడవాళ్ళ ఇళ్ళలో జొన్నరొట్టె లేని పూట లేదు. రాయగడ కొండల అంచున చోడి అంబలి. ఇలాంటి ఇంటికి నెలకు ఇరవై కిలోల బియ్యం ఇస్తే ఏం చేస్తుంది? పదుంచుకుని పది అమ్మి రాగులు కొంటుంది. కందిపప్పు కొంటుంది. ఆ నెల నూనె ప్యాకెట్టు దాంతో వస్తుంది. ఆమె చేసింది వ్యాపారం కాదు, మార్పిడి. మన అమ్మమ్మలు వడ్లు పోసి ఉప్పు, కుండలు, చింతపండు తీసుకోలేదా? వాళ్ళను సోమరులని ఎవరన్నారు?

తమిళనాడు డిపోల్లో ఎక్కువగా ఇచ్చేది ఉప్పుడు బియ్యం. తమిళులకు అది అలవాటు. మనకు ఇడ్లీకి తప్ప పనికిరాదు. ఆ వాసన పిల్లలు భరించరు. నెలకు ఇరవై కిలోల ఇడ్లీలు ఏ సంసారం తింటుంది? పైగా ఇప్పుడు బలవర్ధక బియ్యమొకటి. ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపి పిండి చేసి, గింజల్లా అచ్చుపోసి, నూటికి ఒక గింజ చొప్పున మామూలు బియ్యంలో కలుపుతారు. 2021 పంద్రాగస్టు నాడు ప్రధాని ప్రకటించారు. 2024 నాటికి దేశమంతా వచ్చింది. మంచి ఉద్దేశమే అనుకుందాం. కానీ కడిగేటప్పుడు ఆ గింజలు తేలుతాయి, రంగు తేడాగా ఉంటాయి. 'ప్లాస్టిక్ బియ్యం' అని ఊరూరా పుకారు. ఇదేమిటని అడిగితే డిపోలో చెప్పేవాడెవరు? చెప్పినా ఏ భాషలో చెప్పాలి? అరవంలో అంటించిన కాగితం మన ముసలమ్మ చదవగలదా? ఆమె ఆ గింజలు ఏరి పారేస్తుంది, లేదా గోతామే అమ్మేస్తుంది. తప్పు ఆమెదని మనం సభలో తీర్మానిస్తాం.

అసలు వ్యాపారం ఆ మోపెడ్ వెళ్ళాక మొదలవుతుంది. ఒక కిలో బియ్యం సేకరించి, నిల్వచేసి, డిపోకు చేర్చేసరికి కేంద్రానికయ్యే ఖర్చు దాదాపు 40 రూపాయలు. ఆ అక్క దగ్గర అది పదకొండుకు చేతులు మారుతుంది. తర్వాత కొంత ఇడ్లీ పిండి రుబ్బేవాళ్ళకు, కొంత కోళ్ళ దాణాకు పోతుంది. మిగిలింది రైస్ మిల్లులో పాలిషు పట్టుకుని, కొత్త సంచిలో కొత్త పేరుతో బయటికొస్తుంది. తమిళనాడు నుంచి రైళ్ళలో, వ్యాన్లలో ఆంధ్రకూ కర్ణాటకకూ దాటుతుంది. సరిహద్దు స్టేషన్లలో మూటలు పట్టుబడటం మనకు వింతేమీ కాదు. ఇంకా పెద్ద చేతులుంటే సముద్రమే దాటుతుంది. 2024 నవంబరులో కాకినాడ రేవులో స్టెల్లా ఎల్ అనే ఓడలో రేషన్ బియ్యం బయటపడి పెద్ద గొడవైన సంగతి యానాం పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు, వాళ్ళకు అది పక్క ఊరు. ఓడ నింపాలంటే ఎన్ని వేల అక్కల గోతాలు కావాలి? ఆ మధ్యలో ఎన్ని గోదాములు, ఎన్ని తాళాలు, ఎన్ని చూసీచూడని కళ్ళు ఉండాలి? చాలా బియ్యం అక్క ఇంటిదాకా రానే రాదు. గోదాము దగ్గరే దారి మళ్ళుతుంది. అయినా మన కోపం నూటపది రూపాయల మీదే ఆగిపోతుంది. వాడి పేరు తెలిసినా చెప్పం. వార్షికోత్సవానికి చందా ఇస్తాడు కదా.

మన ఇళ్ళ మాటకొస్తే ఇంకొంచెం నొప్పిగా ఉంటుంది. 1997లో కేంద్రం పేదలను వేరుచేసి బియ్యమివ్వండి అన్నప్పుడు తమిళనాడు ఒప్పుకోలేదు, అందరికీ ఇస్తానంది. 2011 నుంచి బియ్యం కార్డుకు పూర్తిగా ఉచితం. వద్దనుకునేవాళ్ళకు పంచదార కార్డుంది, ఏ సరుకూ వద్దనే కార్డూ ఉంది. మన సంఘాల్లో రిటైరైన మేనేజర్లు, రెండంతస్తుల మేడలున్నవాళ్ళు ఎందరి దగ్గర ఏ కార్డుందో ఎవరికి వారే బీరువా తీసి చూసుకోవచ్చు. ఆ బియ్యం ఏమవుతుంది? పనిమనిషికి ఇస్తారు. ఇచ్చి, జీతం పెంచమన్నప్పుడు "నెలనెలా బియ్యమిస్తున్నాగా" అంటారు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన బియ్యాన్ని జీతంలో కోసుకునేవాడు, అది అమ్ముకుని పప్పు కొనుక్కునేదాన్ని చూసి దేశం పాడైపోతోందని బాధపడతాడు!

ఈ బాధ కొత్తది కాదు. 1967లో అన్నాదురై రూపాయికి పడి బియ్యం మొదలుపెట్టినప్పుడూ, 1983లో రామారావు కిలో రెండు రూపాయలకిచ్చినప్పుడూ పెద్దమనుషులు ఇదే అన్నారు: కూలికి ఎవడూ రాడని. నిజానికి వాళ్ళ భయం సోమరితనం గురించి కాదు, కూలి రేటు గురించి. ఇంట్లో గింజ ఉన్నవాడు నువ్వు చెప్పిన కూలికి ఒప్పుకోడు. తాగుడు మాట ఎత్తాలంటే ఆ రోజుల్లోనిదే ఎత్తాలి. ఆంధ్రలో ఒక చేత్తో రెండు రూపాయల బియ్యం, రెండో చేత్తో 'వారుణి వాహిని' సారా ప్యాకెట్టు ఇచ్చింది ఒకే ప్రభుత్వం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చీపుర్లు పట్టుకుని వెళ్ళింది సారా కొట్టు మీదికి. బియ్యం కొట్టు మీదికి కాదు. తేడా వాళ్ళకు తెలుసు. చదువుకున్న మనకే తెలియడం లేదు.

ఇక ఇంకో పండితవర్గం ఉంది. "అయితే బియ్యమెందుకు, డబ్బే ఇచ్చేయండి, వాళ్ళకిష్టమైంది కొనుక్కుంటారు" అంటారు. నగదిస్తే తాగేస్తారన్న భయానికి ఆధారం లేదని 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు డేవిడ్ ఎవాన్స్, అన్నా పోపోవా అనేక దేశాల అధ్యయనాలు కలిపి చూసి చెప్పారు. ఆ మాట నేను నమ్ముతాను. అయినా నగదు వద్దంటాను. ఎందుకంటే యానాం అనుభవం మన ముందుంది.

పుదుచ్చేరిలో 2015 సెప్టెంబరు నుంచి ఆహార భద్రత బియ్యానికి బదులు బ్యాంకులో డబ్బు వేయడం మొదలుపెట్టారు. డిపోలు క్రమంగా మూతపడ్డాయి. ఉచిత బియ్యమా, నగదా అని ముఖ్యమంత్రికీ లెఫ్టినెంట్ గవర్నరుకీ ఏళ్ళ తరబడి కొట్లాట. 2019లో కేంద్రం నగదే అంది. ఆ కొత్తలో పరిశోధకులు ఇంటింటికీ వెళ్ళి అడిగితే దాదాపు ఐదోవంతు మంది తమకు డబ్బు అందలేదన్నారు. ప్రభుత్వ పుస్తకంలో మాత్రం దాదాపు అందరికీ వేసినట్టే ఉంది. ఎవరి ఖాతాలో పడింది, ఎప్పుడు పడింది, బ్యాంకు ఏ అప్పుకింద కోసుకుంది? యానాం చుట్టూ ఉన్నది ఆంధ్ర. గట్టు దాటితే చెల్లెలి ఇంటికి బియ్యం వస్తుంది, ఇవతల అక్క ఇంటికి సెల్‌ఫోనులో మెసేజీ వస్తుంది. బజారులో బియ్యం ధర ఏటా పెరుగుతుంది. చివరికి 2024 అక్టోబరులో, దీపావళి ముందు, అక్కడ డిపోలు మళ్ళీ తెరిచారు. తెరవమని అడిగింది పండితులు కాదు, వండుకునేవాళ్ళు.

కర్ణాటకలోనూ అంతే. 2023 జూలైలో అదనపు ఐదు కిలోలకు బియ్యం దొరక్క కిలోకు 34 లెక్కన తలకు 170 రూపాయలిచ్చారు. ఆ ధరకు తినదగిన బియ్యం బజారులో ఎక్కడుంది? 2025 ఫిబ్రవరిలో మళ్ళీ బియ్యమే ఇచ్చారు. అదే ఏడు అక్టోబరులో ఆ అదనపు బియ్యం పక్కదారి పడుతోందని, దాని బదులు పప్పు, నూనె, పంచదార, ఉప్పు కిట్టు ఇవ్వాలని మంత్రివర్గం తీర్మానించింది. అమలు ఎలా ఉన్నా ఆ ఆలోచనలో ఒక తెలివుంది. అక్క బియ్యమమ్మి ఏం కొంటోందో ఎవరో చూశారు.

గింజ గింజగానే రావాలి, కానీ తినే గింజ రావాలి. ఇది అసాధ్యమేమీ కాదు. కర్ణాటక దక్షిణ జిల్లాల్లో రాగులు, ఉత్తరాన జొన్నలు కొంత ఇస్తూనే ఉంది. ఒరిస్సాలో 2017లో మొదలైన చిరుధాన్యాల పథకం తర్వాత గిరిజన జిల్లాల డిపోలకు చోళ్ళు వచ్చాయి. తమిళనాడు 2023లో నీలగిరి, ధర్మపురి జిల్లాల్లో రెండు కిలోల బియ్యం బదులు రెండు కిలోల రాగులివ్వడం మొదలుపెట్టింది. ధర్మపురి పక్కది కృష్ణగిరి. అక్కడ సంగటి తినేవాళ్ళు తక్కువా? ఆ మొదటి జాబితాలో ఆ జిల్లా లేదంటే కలెక్టరు దగ్గర ఎవరూ గట్టిగా అడగలేదని అర్థం. ఉచితాల మీద తీర్మానం రాయడానికి మనకు కాగితముంది, రాగుల కోసం వినతిపత్రం రాయడానికి లేదు.

ఇంకో పని కూడా ఉంది, మన సంఘాలు తప్ప ఇంకెవరూ చేయలేనిది. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. తమిళనాడులో తండ్రి పేరులోని మొదటి అక్షరం చాలు. మహారాష్ట్రలో పేరు, తండ్రి లేక భర్త పేరు, చివర ఇంటిపేరు. ఆధార్‌లో ఒక వరస, కార్డులో ఇంకో వరస, బ్యాంకులో మూడోది. వేలిముద్ర కలిసినా పేరు కలవదు. బీడీలు చుట్టి చుట్టి అరిగిన వేలైతే ముద్రా పడదు. 2013 చట్టం ప్రకారం కార్డులో ఇంటి పెద్ద పద్దెనిమిదేళ్ళు దాటిన ఆడమనిషే. కాబట్టి ఈ తిరుగుడంతా ఆమెదే. డిపో నుంచి తాలూకా ఆఫీసుకు, అక్కణ్ణుంచి ఈ-సేవకు. ప్రతి కిటికీ దగ్గరా ఆమెకు రాని భాష. ఒక్కో తిరుగుడుకు ఒక రోజు కూలి పోతుంది. మన సంఘ భవనాల్లో నెలకు ఒక ఆదివారం, రెండు భాషలూ రాయగలిగిన ఇద్దరు కుర్రాళ్ళు, ఒక కంప్యూటరు, ఒక బల్ల పెట్టి కూర్చుంటే వచ్చే నెల ఒకటో తారీఖుకు కొన్ని ఇళ్ళలో బియ్యం ఆగకుండా వస్తుంది.