కల్పిత సంఖ్యలట! ఎవరు కల్పించారండీ?

మన ఇంటర్ లెక్కల పుస్తకంలో నాకు అస్సలు గిట్టని మాట ఒకటుంది. అది "కల్పిత". సంకీర్ణ సంఖ్యల పాఠం తెరవగానే వాస్తవ భాగం, కల్పిత భాగం అని రెండు పేర్లు ఎదురొస్తాయి. "మైనస్ 1 కి వర్గమూలం లేదు. కానీ ఉందనుకుందాం. దాని పేరు ఐ." ఇదీ మనవాళ్ళు చెప్పే తీరు. ఎందుకనుకోవాలి సార్ అని అడిగితే మా లెక్చరరు గారు "ఎంసెట్లో అది అడగరు, కూర్చో" అన్నారు. లేనిదాన్ని ఉందనుకోమని మొదటి రోజే చెప్పాక, పదిహేడేళ్ళ కుర్రాడు దాన్ని బట్టీ పట్టక ఇంకేం చేస్తాడు?

నేననేది ఒక్కటే. సంకీర్ణ సంఖ్యలు కష్టమైనవి కావు. వాటికి పెట్టిన పేరు తప్పు, వాటిని చెప్పే వరస తప్పు.

స్కూల్లో డ్రిల్లు గుర్తుందా? "పీఛే ముడ్" అనగానే వెనక్కి తిరిగేవాళ్ళం. మైనస్ 1 తో గుణించడమంటే సరిగ్గా అదే. తూర్పుకి 5 అడుగులు ఉన్నది కాస్తా పడమరకి 5 అడుగులవుతుంది. మరి ఏ పని రెండుసార్లు చేస్తే పీఛే ముడ్ అవుతుంది? "బాయే ముడ్"! ఎడమకి ఒకసారి, మళ్ళీ ఎడమకి ఇంకోసారి. ఆ ఎడమ తిరుగుడికి పెట్టిన పేరే ఐ. ఐ ని ఐ తో గుణిస్తే మైనస్ 1 ఎందుకొస్తుందో ఇప్పుడు ఎవరికైనా తెలుస్తుంది. ఇందులో కల్పితం ఎక్కడుందండీ?

మిగతా లెక్కలూ అంతే. 3+4ఐ అంటే తూర్పుకి 3, ఉత్తరానికి 4 అడుగులు. మొదలుపెట్టిన చోటి నుంచి దూరం 5. దానికి 1+2ఐ కలపాలంటే తూర్పుని తూర్పుతో, ఉత్తరాన్ని ఉత్తరంతో కలపండి, 4+6ఐ వస్తుంది. గుణకారంలో పొడవులు గుణించుకుంటాయి, కోణాలు కలుస్తాయి. 3+4ఐ ని ఐ తో గుణిస్తే –4+3ఐ. పొడవు 5 అలాగే ఉంది, బాణం 90 డిగ్రీలు ఎడమకి తిరిగిందంతే. భాగహారంలో సంయుగ్మంతో పైనా కిందా గుణించమంటారు కదా, ఎందుకని? సంయుగ్మానికి పొడవు అదే, కోణం మాత్రం ఎదురు. గుణించగానే తిరుగుడు రద్దయిపోయి కింద 25 అనే మామూలు సంఖ్య మిగులుతుంది. అదన్నమాట సంగతి.

"ఇవన్నీ చెప్పుకుంటూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుంది, ర్యాంకు ఎలా వస్తుంది?" అంటారు కోచింగు వాళ్ళు. సరే, ర్యాంకు భాషలోనే మాట్లాడదాం. 1+ఐ కి 20వ ఘాతం ఎంత? పొడవు రూట్ 2, దాని 20వ ఘాతం 1024. కోణం 45 డిగ్రీలు, 20 రెట్లు 900. అంటే రెండు పూర్తి చుట్లు, ఆపైన ఒక పీఛే ముడ్. జవాబు –1024. పెన్ను తియ్యక్కర్లేదు. అర్థం చేసుకోవడం కన్నా పెద్ద షార్ట్‌కట్ ఏముంది?

పోనీ చరిత్రైనా సరిగ్గా చెప్తారా అంటే అదీ లేదు. "వర్గ సమీకరణానికి మూలం దొరకలేదు, అంచేత ఐ ని కనిపెట్టారు" అని ముగించేస్తారు. దొరక్కపోతే లేదని ఊరుకునేవాళ్ళు ఆ రోజుల్లో! అసలు గొడవ ఘన సమీకరణాలతో వచ్చింది. ఒక సంఖ్య ఘనం, దాని 15 రెట్లకి 4 కలిపినదానికి సమానం. ఆ సంఖ్య 4 అని మనకి కనిపిస్తూనే ఉంది (64 = 60 + 4). కానీ కార్డానో 1545లో అచ్చువేసిన సూత్రంలో పెడితే మధ్యలో మైనస్ 121 కి వర్గమూలం తగులుతుంది. 1572లో బొంబెల్లి భయపడకుండా ముందుకెళ్ళాడు. 2+11ఐ అనేది 2+ఐ కి ఘనమనీ, 2–11ఐ అనేది 2–ఐ కి ఘనమనీ పట్టుకుని, రెండు ఘనమూలాలూ కలిపాడు. ఐ లు కొట్టుకుపోయి 4 మిగిలింది. నిజమైన జవాబుకి దారి ఆ "లేని" సంఖ్యల మీదుగానే పోయింది. ఆ తర్వాత 1637లో డెకార్ట్ వాటికి కల్పితాలని పేరు పెట్టాడు. 1831లో గాస్ అంతటివాడు ఈ పేరే అయోమయానికి మూలమని, "పక్కవాటు" అనే అర్థమొచ్చే పేరు పెట్టి ఉంటే ఈ గందరగోళమే ఉండేది కాదని రాశాడు. విన్నదెవరు?

ఇక మన సాఫ్టువేరు సోదరుల పాట ఒకటుంది: "ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఐ ఎక్కడైనా వాడామా?" మీరు వాడకపోవచ్చు, మీ వైఫై వాడుతోంది. బిట్లని సంకీర్ణ తలం మీద చుక్కలుగా మార్చే అది పంపుతుంది. 2023లో మెటా విడుదల చేసిన లామా కోడ్ తెరిచి చూడండి. వాక్యంలో ఏ పదం ఎక్కడుందో చెప్పడానికి అంకెల జతల్ని సంకీర్ణ సంఖ్యలుగా మార్చి, గుణించి, తిప్పుతారు. అదే బాయే ముడ్, కాకపోతే కోణాలు వేరు. అమరావతిలో క్వాంటం వ్యాలీ పెడతామని 2025లో ప్రకటించారు. క్యూబిట్ స్థితిని రాసేది సంకీర్ణ సంఖ్యలతోనే. ఒక పక్క దానికి శంకుస్థాపనల గురించి మాట్లాడుతూ, ఇంకో పక్క దాని పునాది గణితాన్ని పిల్లలకి "ఉందనుకో" అని చెప్పి వదిలేస్తే ఆ వ్యాలీలో పనిచేసేదెవరు? అక్కడ కూడా మనం టెస్టింగూ, సపోర్టూ చేసుకుంటూ బతికేద్దామా?

పుస్తకం మారేదాకా ఆగక్కర్లేదు. మీ ఇంట్లో ఇంటర్ చదివే తమ్ముడో చెల్లెలో కూతురో ఉంటే, ఈ ఆదివారం ఒక గంట వాళ్ళకివ్వండి. సూత్రాలు మూసేసి, గళ్ళ కాగితం మీద బాణాలు గీయించండి, తిప్పించండి. "కల్పిత" అనే మాట మాత్రం ఆ గంటసేపూ నోట రానివ్వకండి.