పట్టిన చేప మనది, రేటు షావుకారిదా?

ఆఫ్రికాలోని ఘనాలో 1965లో ఓల్టా నదికి ఆనకట్ట కట్టారు. తల్లిదండ్రుల చేతిలో కొంత డబ్బు పెట్టి తెచ్చిన పిల్లలతో ఆ జలాశయంలో వలలు లాగిస్తున్నారు. అక్కడి గోల మనకెందుకంటారా? మన పగిడ్యాల మండలం ముచ్చుమర్రి దగ్గర నిలిచేవీ డ్యామ్ నీళ్లే, శ్రీశైలానివి. ఇదే కృష్ణలో, అవతలి ఒడ్డున కొల్లాపూర్ వైపు, మన చెంచులు అడ్వాన్సులకు కట్టుబడి చేపలు పట్టారు.

షావుకారు వల ఇస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు. చేప వాడికే, వాడు చెప్పిన రేటుకే ఇయ్యాలి. అప్పు మాత్రం తీరదు. దీన్ని వ్యాపారం అంటే ఎట్లా? 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం చూడండి: అప్పు పేరుతో మన కష్టఫలాన్ని మార్కెట్ ధరకు అమ్ముకోనీయకపోతే అదీ వెట్టే. ఆ అప్పు చెల్లదు. వసూలు చేస్తే 3 ఏళ్ల దాకా జైలు.

కలెక్టర్ గారూ, ఆఫీసులో కూర్చుంటే వెట్టి కనపడదు. ఒడ్డున గుడిసె గుడిసెకూ రండి, వెట్టిలో ఉన్నోళ్లకు విడుదల పత్రాలు ఇవ్వండి. మనమూ నోరు విప్పుదాం!