గాజుగొట్టములోని సుడి

కాలువగట్టున నిలిచి నీటిని చూడని తెలుగు బాలుడు అరుదు. లాకుతలుపుల దిగువను సుళ్లు తిరుగు నీరు, ఎగువను అద్దమువలె నిలకడగా సాగు నీరు ఒక్కటియే. ఈ భేదమేల కలుగుచున్నదని ప్రశ్నించి, ప్రయోగముచే సమాధానము వెదకినవాడు మాంచెస్టరులోని ఓవెన్సు కళాశాలయందు ఇంజనీరింగు ఆచార్యుడగు ఆస్బర్న్ రెనాల్డ్సు. ఆయన వ్యాసము 1883లో రాయల్ సొసైటీ పత్రికలో వెలువడినది.

పరికరము చూడ మిక్కిలి సామాన్యము. ఆఱడుగుల పొడవుగల నీటితొట్టి, అందులో బూరవలె నోరు విచ్చిన గాజుగొట్టము, ఆ నోటియొద్ద సన్నని రంగుధార. నీరు మెల్లగా పాఱినంతవఱకు రంగు దారము లాగినట్లు సూటిగా సాగినది. వేగము హెచ్చగనే, కొంత దూరము పోయి, ఒక్కసారిగా చెదరి గొట్టమంతయు నిండినది. ఆ కలతను విద్యుత్ స్ఫులింగపు వెలుతురున చూడగా అది విడివిడి సుళ్లుగా కనబడినది.

వేగమును గొట్టపు వ్యాసముతోను ద్రవసాంద్రతతోను గుణించి, స్నిగ్ధతచే భాగింపగా వచ్చునదే రెనాల్డ్సు సంఖ్య. అది 2,000 దాటిన పిమ్మట ప్రవాహము సంక్షుబ్ధము కాజొచ్చునని విద్యార్థులు నేర్తురు. కాని రెనాల్డ్సు తొట్టినీటిని గంటలకొలది కదలనీయక నిలిపి ప్రయోగము చేసినపుడు సుమారు 13,000 వఱకు రంగుధార చెదరలేదు. తరువాతి కాలమున అదే పరికరముతో మఱల ప్రయత్నించినవారికి అంత సంఖ్య దక్కలేదు. మాంచెస్టరు వీధులలో హెచ్చిన వాహనముల అదురే అందులకు కారణము! ఇంత రుచిగల ముచ్చట తరగతిలో వినబడుట అరుదు. విద్యార్థి 2,000 అని వ్రాసి మార్కు తెచ్చుకొనును.

కన్నులయెదుట నున్నదానిని గమనింపకుండుట విద్యార్థుల లోపమే కాదు. 1908లో లైడెన్ నగరమున కామర్లింగ్ ఆన్నెస్ హీలియము వాయువును ద్రవముగా మార్చెను. ఆ ద్రవమును 2.17 కెల్విన్లకు, అనగా సున్నకు దిగువ 271 సెంటిగ్రేడు డిగ్రీల దాపునకు చల్లార్చినచో, మరుగుచున్న బుడగలు తటాలున నిలిచిపోవును. ప్రయోగశాలలలో ఆ చలిని ఏండ్లతరబడి సాధించుచునే యుండిరి. బుడగల సంగతి 1932లోగాని టొరంటోనుండి ప్రకటింపబడలేదు. ఆ స్థితిలో ద్రవపు స్నిగ్ధత దాదాపు మాయమగునని 1938 జనవరిలో మాస్కోనుండి కపిట్సా, కేంబ్రిడ్జినుండి ఆలెన్, మైసెనర్ లు ‘నేచర్’ పత్రిక ఒకే సంచికలో తెలిపిరి. నునుపుగా సానపట్టిన రెండు గాజుబిళ్లల నడుమ, వెండ్రుక కన్న ఎన్నోరెట్లు సన్నని సందున, కపిట్సా ద్రవము అడ్డులేక జాఱిపోయినది.

దీని మూలము క్వాంటం సిద్ధాంతమున నున్నది. ఢాకానుండి సత్యేంద్రనాథ్ బోసు 1924లో వ్రాసిన వ్యాసమునుండి పుట్టిన గణితమే ఇందులకు ఆధారమని 1938లోనే ఫ్రిట్జ్ లండన్ సూచించెను. అసంఖ్యాకములగు పరమాణువులు ఒకే స్థితిలో చేరి ఒక్కటిగా సంచరించును. ఇచ్చటనే సుడి కథ మఱొక మలుపు తిరిగినది. కాలువలోని సుడికి ఎంత బలమైన నుండవచ్చును. ఈ ద్రవమున మాత్రము సుడి బలము ప్లాంక్ స్థిరాంకమును హీలియము పరమాణువు ద్రవ్యరాశిచే భాగింపగా వచ్చు మొత్తమునకు ఒకటి, రెండు, మూడు రెట్లుగా నుండవలసినదే. ఒకటిన్నర యనునది లేదు. 1949లో ఆన్సాగర్ ఊహించినదానిని, కంపించు సన్నని తీగతో కొలిచి వైనెన్ 1961లో ప్రకటించెను. సుడిని ఒకటి, రెండని లెక్కింపవచ్చునని రెనాల్డ్సు ఊహించి యుండడు.

హీలియమును ద్రవముగా మార్చుమని ఏ పాఠశాలను అడుగుటయు న్యాయము కాదు. కాని గాజుగొట్టము, తొట్టి, సిరాబుడ్డి దొరకని ఊరేది? ఒకరి రికార్డును చూచి మఱొకరు ఎక్కించుకొనుటయే ప్రయోగమైనచోట నలువదిమంది ఫలితములును అక్షరము తప్పక ఒక్కటిగా నుండును. ఆ రికార్డులపై సంతకము చేయు చేతికి అనుమానము రాకుండుట వింత. నిజముగా నీరు పోసి చూచినచో ఒక బల్లపై ధార ముందుగా చెదరును, మఱొక బల్లపై ఆలస్యముగా చెదరును. బల్లను తాకినదెవరు, కుళాయిని త్వరగా త్రిప్పినదెవరు అను వాదము పుట్టును. ఆ వాదమునకు పీరియడులో చోటీయవలెను.

సిలబసు పూర్తిచేయవలసిన తొందర ఉపాధ్యాయులకున్నమాట నిజమే. నలువదియైదు నిమిషములలో నీరు నింపి, నిలకడకు వచ్చువఱకు కనిపెట్టుకొని, ప్రయోగము చూపుట కానిపని. ఉదయము ప్రార్థనకు ముందే తొట్టి నింపి, పిల్లలెవరును తాకకుండ ఒక మూల నుంచినచో, మధ్యాహ్నపు పీరియడు నాటికి నీరు కదలిక మాని యుండును.